దూది దిండు, ఎండ, పింజారి విల్లు

ఉగాది ముందర ఇల్లు దులిపే రోజులొస్తే ప్రతి ఏడూ ఒక ప్రశ్న వస్తుంది. ఈసారి మన సంఘం ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు నన్నే అడిగారు. దూది దిండును వాషింగ్ మిషన్‌లో వేయొచ్చా అని. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని దిండు సంగతి ఎందుకడిగారంటే, పత్తి బేళ్ళ మధ్యనే నా సర్వీసు సగం గడిచిందని వాళ్ళకు తెలుసు.

ఒక్క ముక్కలో జవాబు: వేయొద్దు. కానీ ఎందుకు వేయొద్దో, మరి మన పెద్దలు ఏం చేసేవాళ్ళో చెప్పాలంటే మన బళ్ళారి సీమ చరిత్ర కొంత చెప్పాల్సి వస్తుంది. పోస్టు పొడుగు. కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. మా నాన్న ఉద్యోగం అరవదేశంలో కాబట్టి నా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బళ్ళారి వచ్చాక వీధిలో కన్నడం. ఒకే వస్తువుకు మూడు పేర్లు విని పెరిగినవాడికి పేర్ల మీద ధ్యాస ఎక్కువ. తమిళంలో తలకింద పెట్టుకునేది ‘తలైయణై’. ‘తిండు’ అంటే వేరే, అంగట్లో షావుకారు ఆనుకుని కూర్చునే పొడుగాటిది. మనకేమో దిండు అంటే రెండూ. తలగడ అని కూడా అంటాం. కన్నడంలో ‘తలెదింబు’. మా వీధిలో సాయిబుల ఇళ్ళల్లో ‘తకియా’. దిండు పైన తొడిగే గలీబు మాట కూడా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే, ‘గిలాఫ్’ నుంచి. దూదిని తమిళంలో ‘పంజు’ అంటారు, కన్నడంలో ‘అరళె’. బళ్ళారిలో ఒక్క దిండు కుట్టించాలంటే ఈ మాటలన్నీ ఒక్క పూటలో వాడాల్సి వచ్చేది.

ఇప్పుడు అందరింట్లో తలా ఒక దిండు ఉంది కాబట్టి అది ఎప్పుడూ ఉందనుకుంటాం. అలా కాదు. పాతకాలంలో దిండు, పరుపు కలిగినవాళ్ళ వస్తువులు. కూలి మనిషికి తలపాగే దిండు. పల్లెల్లో పాత చీరలు కలిపి కుట్టిన బొంతను, కన్నడం వాళ్ళు కౌది అంటారు, మడిచి తలకింద పెట్టుకునేవాళ్ళు. కురుబలు నేసిన గొంగడి అయితే పరుపూ అదే, దుప్పటీ అదే, దిండూ అదే. ఆడపిల్ల పెళ్ళికి పరుపు, రెండు దిండ్లు సారెలో పెట్టారంటే ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. దిండు మీద కూర్చుంటే గడ్డలు లేస్తాయని మన అవ్వలు పిల్లల్ని బెదిరించింది కూడా ఊరికే కాదు. కుట్లు పిగిలితే మళ్ళీ కుట్టించాలంటే ఖర్చు. గడ్డల భయం పెడితే దిండు పదేళ్ళు ఎక్కువ బతుకుతుంది.

దిండుకు దూది కావాలి. దూదికి బళ్ళారి పుట్టిల్లు లాంటిది. మన నల్లరేగడి పత్తి కోసమే పుట్టిన నేల. మద్రాసు వ్యాపారంలో మన పత్తికి ‘వెస్టర్న్స్’ అని పేరుండేది. నంద్యాల వైపు పత్తి ‘నార్తర్న్స్’. బేలు మీద ఆ పేరు చూస్తే ఏ నేల సరుకో వ్యాపారికి తెలిసిపోయేది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు మాంచెస్టరు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి, మన దేశం పత్తి ధరలు ఆకాశానికి ఎక్కాయి. ధార్వాడ, బళ్ళారి రైతు మొదటిసారి లండన్ ధర గురించి మాట్లాడుకున్నది అప్పుడే. ఆ వేడి చల్లారాక 1871లో గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు పూర్తయి మద్రాసుకు బొంబాయికి దారి కలిసింది. 1880లలో బళ్ళారి నుంచి హోసపేట, గదగ మీదుగా హుబ్లీ వైపు లైను పడింది. ఆ రైళ్ళ మీద పోయిన సరుకులో పత్తిది పెద్ద భాగం.

ఇక్కడ నా పార్సిల్ ఆఫీసు బుద్ధి ఒకటి చెప్పనివ్వండి. పత్తి బరువు తూస్తే తక్కువ, చోటు చూస్తే ఎక్కువ. అందుకే రైల్వే వాళ్ళు పత్తిని ఎంత గట్టిగా నొక్కి కట్టారన్నది చూసి రేటు వేసేవాళ్ళు. గట్టిగా ప్రెస్ చేసిన బేలు ఒకటి 170 కిలోలు. అదే పత్తిని విడిగా దూది చేసి దిండ్లలో కూరితే ఒక గది నిండిపోతుంది. దిండు అంటే సగానికి పైగా గాలే. మనం డబ్బిచ్చి కొనేది దూదిని, తల ఆనించేది మాత్రం దూది పోగుల మధ్య నిలిచిన గాలి మీద. ఈ మాట గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే ఉంది.

మన పాత నాటు పత్తి పోగు పొట్టి, కొంచెం గరుకు. సన్న నూలుకు అది పనికిరాదని మిల్లు వాళ్ళు ముక్కు విరిచేవాళ్ళు. కానీ దిండుకు, పరుపుకు అలాంటి గరుకు పోగే మేలు. నొక్కితే అణిగి మళ్ళీ లేస్తుంది. సన్నగా, పొడుగ్గా, పట్టులా ఉండే పోగు తొందరగా అతుక్కుపోయి గడ్డ కడుతుంది. హగరి ఒడ్డున ఉన్న వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో వెస్టర్న్స్ నుంచే మంచి మొక్కలు ఏరి ‘హగరి 1’ అనే రకం తీశారు. తర్వాత తుంగభద్ర కాలువలొచ్చి సిరుగుప్ప వైపు పత్తి చేలు వరి మళ్ళయ్యాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మిగిలిన మెట్ట చేలల్లో కూడా నాటు పత్తి దాదాపు మాయమైంది. ఈ రోజు అంగట్లో ‘ప్యూర్ కాటన్’ దిండు కొని, ఏడాదికే గట్టిపడిందని తిట్టుకునే వాళ్ళకు ఇది కూడా ఒక కారణం.

దూదితో పాటు బూరుగు కూడా ఉండేది. తమిళంలో ‘ఇలవం పంజు’. బూరుగు కాయ పండు అవుతుందని చిలుక కాచుకుని కూర్చుంటే, చివరికి కాయ పగిలి దూది ఎగిరిపోయిందని తమిళంలో ఒక సామెత ఉంది. పని కాని చోట ఆశ పెట్టుకున్న వాళ్ళను ‘ఇలవు కాత్త కిళి’ అంటారు. బడిలో మా తమిళ అయ్యవారు లెక్క తప్పు చేసిన ప్రతివాణ్ణీ ఆ పేరుతోనే పిలిచేవారు. బూరుగు పోగు లోపల బోలు, పైన మైనం పూత. నీళ్ళు పట్టదు, అందుకే ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లకు వాడారు. 1942లో జపాను వాళ్ళు జావాను పట్టుకుంటే అక్కడి బూరుగు దూది ఆగిపోయి, అమెరికాలో బడిపిల్లల చేత జిల్లేడు జాతి కాయలు ఏరించి ఆ పింజెతో జాకెట్లు కుట్టించారు. బూరుగు దిండు తేలిక, చల్లన. అయితే పోగు పెళుసు. కొన్నేళ్ళకు పొడి అయిపోతుంది, మళ్ళీ ఏకడానికి పనికిరాదు. నూలు దూది అలా కాదు. పదిసార్లు ఏకినా బతుకుతుంది.

ఏకడం అన్నాను కదా, కథలో ముఖ్యమైన మనిషి ఇప్పుడు వస్తాడు.

దూది దిండును మన ఇళ్ళల్లో ఎవరూ నీళ్ళలో ముంచలేదు. గలీబు చాకలికి వెళ్ళేది. దిండు పింజారి చేతికి వెళ్ళేది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, వానలు పోయి ఎండలు ముదరక ముందు, భుజాన పెద్ద విల్లు వేసుకుని ఆయన వీధిలోకి వచ్చేవాడు. విల్లు మనిషి ఎత్తు ఉండేది. దానికి బిగించిన నరం తాడును వేలితో మీటుతూ నడిచేవాడు. ఆ ‘టంయ్’ శబ్దమే ఆయన కేక. మిద్దె మీదో వసారాలోనో చోటిస్తే, ముందు దిండు కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని చేత్తో పీకి ఎండలో పరిచేవాడు. తర్వాత విల్లును వేలాడదీసి, నరాన్ని దూది కుప్పలో ఉంచి, రెండు చివర్లా లావుగా ఉండే కర్ర సుత్తితో కొట్టేవాడు. నరం అదిరితే దూది పోగులు విడిపోయి పొగలా లేచేవి. మట్టి, గింజ, రాలిన వెంట్రుక, నూనె పట్టి బిగిసిన ఉండ, అన్నీ బరువు కాబట్టి కిందికి రాలిపోయేవి. పైకి లేచినదంతా కొత్త దూది. తరిగిన మేరకు గుప్పెడు గుప్పెడు కొత్తది కలిపి, మాంజరపాట గుడ్డతో కుట్టిన కొత్త సంచిలో మూల మూలకూ కూరి దబ్బనంతో మూతి కుట్టేవాడు. పొద్దున రాయిలా ఉన్న దిండు సాయంత్రానికి కుందేలు పిల్లలా అయ్యేది.

అంటే చూడండి, ఈ పద్ధతిలో దిండు శుభ్రం చేయడం, రిపేరు చేయడం, కొత్తది చేయడం మూడూ ఒకే పని. పోయిన గాలిని మళ్ళీ ఎక్కించడం. నీళ్ళు దీనికి నేరుగా శత్రువు. నూలు పోగు గాలిలోని తేమనే తన బరువులో 8 శాతం పైన పట్టుకుంటుంది. ఇక నీళ్ళలో వేస్తే గుటగుటా తాగుతుంది. తడిసి బరువెక్కి పోగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి అట్ట కడతాయి. పైన ఎండినట్టు కనిపిస్తుంది, నడిమధ్య రెండు మూడు రోజులైనా చెమ్మ ఉంటుంది. అక్కడ బూజు పడుతుంది. మిషన్ గిరగిర తిప్పితే గడ్డ ఇంకా బిగుస్తుంది, మిషన్ కూడా ఒక పక్కకు ఒరిగి గంతులేస్తుంది. దూది దిండు ఉతికిన ఇళ్ళల్లో ఆ దిండు తర్వాత మంచం కోడు కింద ఎత్తుకు పెట్టడానికి పనికొచ్చింది.

ఆ విల్లు పట్టిన మనిషి ఎవరు? మనం దూదేకుల వాళ్ళు అంటాం, పింజారి అంటాం. కర్ణాటక వైపు పింజార, నదాఫ్. కర్నూలు, అనంతపురం వైపు లద్దాఫ్, నూర్‌బాషా అని కూడా వింటాం. తమిళంలో ‘పంజుకొట్టి’, అంటే దూది కొట్టేవాడు. నదాఫ్ అన్నది అరబ్బీ మాట, దానికీ అర్థం దూదేకేవాడనే. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం ‘దక్షిణ భారత కులాలు, తెగలు’లో వీళ్ళ గురించి ఒక భాగం ఉంది. ముస్లిములైనా ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పీర్ల పండగ చేస్తారు, మన పండగల్లోనూ కలుస్తారు. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడని మనకందరికీ తెలుసు. ఉత్తరాన దాదూ దయాళ్‌ను కూడా దూదేకేవాడనే చెబుతారు. వెయ్యేళ్ళ కిందట బాగ్దాదులో ప్రాణం పోగొట్టుకున్న సూఫీ మన్సూర్ పేరు చివర ఉన్న ‘హల్లాజ్’కు అర్థం కూడా దూదేకేవాడని. దూది ఏకే చేతికి, తత్వానికి ఏదో చుట్టరికం ఉన్నట్టుంది.

ఇంత ఉండీ మన తెలుగువాళ్ళం చేసిన పని ఏమిటి? ‘పింజారి’ అన్న మాటను తిట్టు చేశాం. ఇప్పటికీ సినిమాల్లో, అరుగుల మీద, చివరికి మన సంఘం పిక్నిక్‌లో పేకాట దగ్గర కూడా ఆ మాట తిట్టుగా వినిపిస్తుంది. తల కింద ఆయన చేతి పని పెట్టుకుని నిద్రపోయి, లేచి ఆయన పేరుతో పక్కవాణ్ణి తిట్టడం. ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడదు. బుర్రకథకు దేశమంతా పేరు తెచ్చిన షేక్ నాజర్ ఆ కులంలో పుట్టినవారే. ఆయన జీవితకథ పుస్తకానికి ‘పింజారి’ అనే పేరు పెట్టారు. దాచుకోవలసింది వాళ్ళు కాదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఇంకో సంగతి. ఆ పని అందంగా కనిపిస్తుందని నేను వర్ణించాను గానీ, పగలంతా దూది పొగలో కూర్చోవడం సుఖం కాదు. పత్తి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజు గుండె పట్టేసినట్టుంటుంది, ఏళ్ళ తరబడి పని చేస్తే దమ్ము నిలవదు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ముక్క ఎంత ఆపుతుంది? ఇంటి పిల్లల్ని ‘దూరంగా పొండి, దగ్గు వస్తుంది’ అని తరిమేవాళ్ళం. పని చేసే మనిషి మాత్రం అందులోనే ఉండేవాడు. ఆయన కొడుకులు ఆ విల్లు ముట్టుకోకుండా మెకానిక్కులు, బస్సు కండక్టర్లు, టీచర్లు అయ్యారంటే నాకు సంతోషమే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్న దాని మీద గొడవ పెద్దదై, హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపాక, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఈ గొడవలో మన తెలుగువాళ్ళు, కన్నడిగులు ఏం పోగొట్టుకున్నారు, ఏం సంపాదించారు అన్నది సంఘంలో మనం వందసార్లు మాట్లాడుకున్నాం. దూదేకుల కుటుంబాల సంగతి ఒక్కసారీ మాట్లాడలేదు. ఆదోనిలో పత్తి బజారు, జిన్నింగు ఫ్యాక్టరీలు ఉన్నాయి. బళ్ళారిలో దిండ్లు, పరుపులు కుట్టించుకునే ఇళ్ళున్నాయి. వియ్యాలు అటూ ఇటూ ఉన్నాయి. గీత గీశాక ఆదోని అన్న దూదేకుల పేరుతో ఆంధ్రలో బీసీ-బీ జాబితాలోకి వచ్చాడు. బళ్ళారి తమ్ముడు పింజార, నదాఫ్ పేరుతో కర్ణాటకలో కేటగిరీ 1లోకి వచ్చాడు. ఒకే విల్లు, రెండు సర్టిఫికెట్లు. పెళ్ళి చేసుకుని ఇటు వచ్చిన కోడలికి ఏ ఆఫీసులో ఏ కాగితం చూపించాలో తేలక తిరిగిన కథలు ఇక్కడ చాలా ఉన్నాయి. గీత ఇటు మిగిలిన తెలుగువాళ్ళం మనకు ఆ తిరుగుడు కొత్తగా చెప్పాలా?

ఆ పని నిజంగా తగ్గిపోవడానికి మాత్రం కారణం సరిహద్దు కాదు, పాలియెస్టర్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. మన దేశంలో మొదట ‘టెరీన్’ చొక్కాలుగా వచ్చింది. 1982లో పాతాళగంగలో రిలయన్స్ వాళ్ళ ఫ్యాక్టరీ మొదలయ్యాక దేశమంతా పాలియెస్టర్ పొంగింది, రిక్రాన్ పేరుతో దిండ్లలోకి కూడా వచ్చింది. పాలియెస్టర్ పోగు పట్టుకునే తేమ ఒక శాతంలో సగం కూడా లేదు. నీళ్ళలో వేసినా తాగదు, తొందరగా ఆరుతుంది. మిషన్‌లో ఉతకవచ్చు. పింజారి అక్కర్లేదు. ఇది దాని గుణం, నేను కాదనను. కానీ చెమట పట్టే మన ఊరి వేసవిలో తల కింద అది వేడెక్కుతుంది. రెండు మూడేళ్ళకు చదును అయిపోతే దాన్ని ఏకి లేపే మనిషి లేడు, లేపినా లేవదు. చెత్తబండికి వేయడమే. మా ఇంట్లో అవ్వ కాలం నాటి దూది, సంచులు మారుతూ, కొత్త దూది కలుస్తూ, ముగ్గురు పెళ్ళిళ్ళు చూసింది. ఆ లెక్కన రిక్రాన్ దిండ్లు ఎన్ని కొనాలో మీరే చెప్పండి.

రైల్వేవాణ్ణి కాబట్టి రైలు దిండు ముచ్చట లేకుండా వదలను. మా చిన్నప్పుడు రాత్రి ప్రయాణం అంటే హోల్డాల్. అందులో జంపఖానా, దుప్పటి, సొంత దిండు చుట్టుకుని బెల్టు బిగించి తీసుకెళ్ళేవాళ్ళం. ఇంకొకరు పడుకున్న దిండు మీద పడుకోవడం అన్న ఊహే ఎవరికీ నచ్చేది కాదు. ఆ భయానికి పాత మూలం ఉంది. 1898లో బళ్ళారి జిల్లాకు ప్లేగు వచ్చింది. అంతకు ముందు ఏడు, 1897లో, అంటువ్యాధుల చట్టం చేశారు. రైలు స్టేషన్లలో ప్రయాణికుల్ని నిలబెట్టి పరీక్షించారు, మూటలు విప్పించి మందు నీళ్ళు చల్లారు. రోగి పడుకున్న పరుపు, దిండు అంటే తగలబెట్టాల్సిన వస్తువు. అదే 1897 చట్టాన్ని 2020లో కరోనాకు మళ్ళీ తీశారు. ఆ మార్చిలోనే ఏసీ పెట్టెల్లో దుప్పట్లు, దిండ్లు ఇవ్వడం ఆపేశారు. 2022 మార్చిలో మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలో రెండేళ్ళు జనం మళ్ళీ సొంత దుప్పటి, గాలి దిండు తీసుకుని రైలెక్కారు. 2016లో రాజ్యసభలో రైల్వే సహాయమంత్రి చెప్పిన జవాబు కూడా మీకు గుర్తుండవచ్చు. పక్క దుప్పట్లు, దిండు గలీబులు ఒకసారి వాడితే ఉతుకుతాం, రగ్గులు మాత్రం రెండు నెలలకోసారి అన్నారు. దేశమంతా గగ్గోలు పెట్టింది. నేను మాత్రం మా ఇంట్లో వాళ్ళను అడిగాను: మన రగ్గు ఎప్పుడు ఉతికాం? ఎవరూ మాట్లాడలేదు.

సరే, ఇంటి దిండ్ల దగ్గరికి వద్దాం. ముందు మీ దిండులో ఏముందో చూసుకోండి. దూది అయితే బరువుగా, ఎండలో పెడితే పొంగేదిగా ఉంటుంది. రిక్రాన్ అయితే తేలిక, పిడికిట పట్టి వదిలితే చటుక్కున లేస్తుంది. ఫోమ్ అయితే నొక్కిన గుంత మెల్లగా నిండుతుంది.

దూది దిండుకు ఎండే ఉతుకుడు. మన ఊరిలో అది ఉచితం. ధూళిలో కంటికి కనబడని పురుగులుంటాయి, దిండులో చేరి దగ్గు, ఉబ్బసం పెంచేవి. వాటికి నీళ్ళు తాగే నోరు లేదు, గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుని బతుకుతాయి. గాలిలో తేమ 50 శాతం లోపుకు దిగితే ఎండిపోతాయి. సముద్రం ఒడ్డున మద్రాసులో ఇది కష్టం, మన బళ్ళారిలో ఫాల్గుణ, చైత్ర మాసాల్లో దేవుడిచ్చిన వరం. నెలకు ఒకసారి గలీబు తీసేసి, మిద్దె మీద చాప వేసి, పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా దిండ్లు పెట్టండి. మధ్యలో తిరగేయండి. దించే ముందు కర్రతో రెండు వైపులా బాగా కొట్టండి. చచ్చిన పురుగు, దాని పెంట కూడా దగ్గు తెప్పించేవే కాబట్టి ఎండ ఒక్కటే చాలదు, దులపడం కూడా కావాలి. మన అవ్వలకు ఈ పురుగుల సంగతి తెలియదు గానీ, ఎండబెట్టి కొట్టాలని తెలుసు. కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పని చేయొద్దు. పొద్దు వాలక ముందే లోపలికి తెచ్చేయండి, లేకపోతే మంచు చెమ్మ పీల్చుకుంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు కాబట్టి అటక మీది దిండ్లను ఒక ఎండ చూపించి మరీ ఎత్తిపెట్టండి.

దిండు మీద మరక పడితే ఆ చోటు మాత్రమే తుడవండి. మనవాళ్ళ దిండుకు పెద్ద మరక తలనూనె. కుంకుడు రసంలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, మరక మీద అద్దండి, రుద్దొద్దు. మన బోరు నీళ్ళల్లో సబ్బు తెల్లగా విరిగిపోతుంది, కుంకుడు అలా విరగదు. ఆ వెంటనే ఎండ. ఇంతకంటే మంచిది, నూనె దిండు దాకా పోకుండా చూడటం. దిండుకు ముందు ఒక సాదా లోగుడ్డ కుట్టించి, దాని మీద గలీబు తొడగండి. గలీబు వారానికోసారి, లోగుడ్డ నెలకోసారి ఉతకండి. నూనె పెట్టుకునే రాత్రి ఒక పాత తువాలు పైన పరవండి.

రిక్రాన్ దిండు అయితే మిషన్‌లో వేయవచ్చు. రెండు దిండ్లు కలిపి వేస్తే బరువు సమంగా ఉంటుంది. పొడి తక్కువ వేసి, జాడించడం ఒకసారి ఎక్కువ పెట్టండి. తీగ మీద మూలలతో వేలాడదీయకండి, పడుకోబెట్టి ఆరబెట్టి మధ్య మధ్య చేత్తో గడ్డలు విడగొట్టండి. మడిచి వదిలితే మళ్ళీ తెరుచుకోకపోతే దాని పని అయిపోయింది. ఫోమ్ దిండును మిషన్‌లోనూ వేయొద్దు, ఎండలోనూ పెట్టొద్దు. పొడిపొడి అవుతుంది. నీడలో గాలికి పెట్టి తుడవండి చాలు.

ఇప్పుడు సంఘం సంగతి. మన కల్యాణ మండపం అటక మీద దూది దిండ్లు ఎనభై పైచిలుకు ఉన్నాయి. ఒకప్పుడు పెళ్ళివారి విడిదికి వాడినవి. చందాలిచ్చిన పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. కార్యవర్గంలో కొందరు లాండ్రీకి వేద్దాం అంటున్నారు, కొందరు చెత్తబండికి వేసి కొత్త రిక్రాన్ కొందాం అంటున్నారు. లాండ్రీకి ఎందుకు వద్దో పైన చెప్పాను. చెత్తబండికి కూడా వద్దని నా మాట. నేను పైకెక్కి నాలుగు దిండ్లు విప్పి చూశాను. సంచి గుడ్డ మరకలు పట్టి పోయింది. లోపలి దూది మాత్రం పాత నాటు దూది, గడ్డ కట్టింది అంతే. అలాంటి దూది ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకదు. ఎలుక కొట్టినవి, చెమ్మ వాసన వేసేవి ఉంటే వాటిని మాత్రం తీసేద్దాం, అందులో మొహమాటం వద్దు.

విల్లు ఇప్పుడు లేదు. ఏకే మిషన్‌ను ఆటో మీద పెట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు ఉన్నారు. పళ్ళ డ్రమ్ము తిరిగి దూదిని చీలుస్తుంది. విల్లంత మెత్తగా చేయదు, పోగు కొంచెం తెగుతుంది, అయినా పని జరుగుతుంది. అలాంటి ఒకాయనతో నేను మాట్లాడాను. తాత ఆదోనిలో విల్లు పట్టినవాడట. దిండుకు ఇంత అని కాకుండా కిలో లెక్కన అడిగాడు. తీసే దుమ్ము బరువు ఎవరి లెక్క అని నేనడిగితే నవ్వి, ముందే ఎండబెట్టి కొట్టి ఇవ్వండి, అప్పుడు తూద్దాం అన్నాడు. పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాడికి ఇంతకంటే న్యాయమైన మాట దొరకదు, ఒప్పేసుకున్నాను. ఆయన వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం మన వంటశాలలో, మనతో పాటే ఒకే పంక్తిలో. పేకాట బల్ల దగ్గర కూర్చునే మిత్రులు ఆ రోజు నోరు కొంచెం చూసుకోవాలి. ఆ రోజే కాదు, ఆ మాట ఇక మానేస్తే ఇంకా బాగు.

కావలసినవి చెబుతున్నాను. ముందు రోజు దిండ్లు మిద్దె మీదికి మోయడానికి కుర్రవాళ్ళు ఒక పది మంది. కొత్త సంచులకు మాంజరపాట గుడ్డ, నీళ్ళలో నానబెట్టి ఆరేసినది, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. ఇంట్లో కుట్టుమిషన్ ఉన్న అక్కచెల్లెళ్ళు ఎవరెవరు ఎన్ని సంచులు, ఎన్ని గలీబులు కుట్టగలరో కింద రాయండి. కొలత 17 అంగుళాలు, 27 అంగుళాలు, ఒక పక్క మూతి వదిలేయాలి. దబ్బనాలు నా దగ్గర రెండున్నాయి. మీ ఇంటి దూది దిండ్లు కూడా తేవాలనుకుంటే పేరు రాసిన చీటీ కుట్టి తీసుకురండి, కలిసిపోతే నేను తేల్చలేను. తేదీ కార్యదర్శి గారు చెబుతారు. మబ్బు లేని ఆదివారం చూసి పెట్టమన్నాను.